ప్లస్ అవతలికి వెళ్తే మైనస్, సరే. గుణకారం మాత్రం కిందకి ఎందుకు దిగుతుంది?

గళ్ళనోటు
మా అన్నయ్య కూతురికి ఏడో తరగతి లెక్కలు చెప్పే పని నా నెత్తిన పడింది. సమీకరణాలు మొదలయ్యాయి. (ఎక్స్ బదులు 'య' అని రాస్తున్నాను, ఫోన్‌లో మాటిమాటికీ కీబోర్డు మార్చలేక.)

లెక్క: 3య + 7 = 22
తను చేసింది:
3య = 22 − 7
3య = 15
య = 15 − 3
య = 12

"7 అవతలికి వెళ్తే మైనస్ అయింది కదా, 3 కూడా అవతలికే వెళ్ళింది, అదెందుకు మైనస్ కాదు?" అంది. గుణకారంలో ఉన్నది అవతలికి వెళ్తే భాగహారం అవుతుందని చెప్పాను. "ఎందుకు?" అంది. అక్కడితో నా సరుకు అయిపోయింది. పదో తరగతి దాకా నేనూ ఈ రూల్ మీదే నెట్టుకొచ్చాను, కారణం ఎవరూ చెప్పలేదు. పిల్లలకి అర్థమయ్యేలా దీన్ని ఎలా చెప్తారు? బట్టీ పట్టించమని మాత్రం అనకండి.

మూడోబెంచీ
బట్టీ పట్టించండి :)

పాతపలక
ఏ సంఖ్యా ఎక్కడికీ వెళ్ళదండీ. రెండు పక్షాలూ సమానం అన్నారు. రెండిటికీ ఒకే పని చేస్తే అప్పుడూ సమానంగానే ఉంటాయి. అసలు రూల్ అదొక్కటే. మీ లెక్కని మధ్యలో ఏ వరుసా మింగకుండా రాయించండి:

3య + 7 = 22
3య + 7 − 7 = 22 − 7
3య + 0 = 15
3య = 15
3య ÷ 3 = 15 ÷ 3
య = 5

రెండో వరుస చూడండి. ఎడమవైపు +7, −7 కలిసి సున్నా అయిపోయాయి. కుడివైపు −7 మిగిలింది. ఆ వరుస రాయకుండా దాటేస్తే +7 ఇవతల మాయమై, −7 అవతల తేలినట్టు కనిపిస్తుంది. గారడీ అంతా అక్కడే.

ఇక 3 సంగతి. పాప చేసినట్టే రెండు వైపులా 3 తీసేయమనండి, తప్పేమీ లేదు. 3య − 3 = 15 − 3 వస్తుంది. ఎడమవైపు య ఒక్కటే మిగిలిందా? లేదు, 3య − 3 అలాగే కూర్చుంది. 3య లో 3 యకి కలిపి లేదు, యని గుణించి ఉంది. గుణకారాన్ని విప్పాలంటే భాగించాలి.

తనని అడగాల్సిన ప్రశ్న "3 ఎక్కడికి వెళ్ళాలి" అని కాదు, "యని ఇప్పటిదాకా ఏమేం చేశారు" అని. ముందు 3 తో గుణించారు, తర్వాత 7 కలిపారు. చివర చేసినదాన్ని ముందు విప్పాలి. అందుకే మొదట 7, తర్వాత 3.

మూడోబెంచీ
మా క్లాసులో సంఖ్య గీత దాటితే గుర్తు మారేది, మేం గీత దాటితే చెంప రంగు మారేది.

టైమర్‌_ఆన్
పాతపలక గారూ, చెప్పడానికి బాగుంది. కానీ పోటీ పరీక్షలో ఒక్కో లెక్కకీ నిమిషం కూడా ఉండదు. "3య + 7 − 7" అని రాసుకుంటూ కూర్చుంటే పేపర్ సగంలో గంట కొడతారు. పక్షాంతరం, అంటే గుర్తు మార్చి అవతలి పక్షానికి పంపేయడం, పనికొచ్చే అలవాటు. ఏడో తరగతిలోనే నేర్పితే నష్టమేంటి?

గళ్ళనోటు
తను రాసేది స్లిప్ టెస్ట్ అండీ, పోటీ పరీక్ష కాదు.

పాతపలక
టైమర్‌ గారూ, పక్షాంతరం వద్దనడం లేదు. ఎందుకు అవుతుందో తెలిసినవాడు వరుసలు మింగితే వేగం. తెలియనివాడు మింగితే 12 వస్తుంది.

శేషం_ఒకటి
పక్షాంతరానికి నేనూ ఓటేస్తాను, వేరే కారణంతో. 9వ శతాబ్దంలో బాగ్దాద్‌లో అల్‌-ఖ్వారిజ్మీ అనే గణితవేత్త సమీకరణాలు సాధించడానికి పెట్టుకున్న రెండు ప్రధానమైన పనుల్లో ఒకటి అచ్చంగా ఇదే. ఒకవైపు తీసివేతలో ఉన్నదాన్ని రెండోవైపు కూడికగా చేర్చడం. రెండోది, రెండు వైపులా ఉన్న ఒకే రకం రాశుల్ని కొట్టేయడం. అప్పటికి ప్లస్ మైనస్ గుర్తులు లేవు, అంతా మాటల్లోనే రాశాడు. కాబట్టి దీన్ని ట్యూషన్ చిట్కాలా చూడకండి.

పాతపలక
బాగా గుర్తు చేశారు. కానీ ఆయన చేసింది ఏమిటి? తక్కువైనదాన్ని ఇవతల పూడ్చి, అంతే మొత్తాన్ని అవతల కూడా కలపడం. అంటే రెండు వైపులా ఒకే పని. మీరు నా వాదనకే సాక్ష్యం తెచ్చారు.

శేషం_ఒకటి
ఒప్పుకోను గానీ, ప్రస్తుతానికి ఊరుకుంటాను.

నాన్నగారి_గడియారం
మా వాడికి త్రాసు బొమ్మ వేసి చెప్పాను. రెండు పళ్ళాలు, రెండిట్లోంచీ 7 తీసేయ్, సమానంగానే ఉంటుంది. వెంటనే ఎక్కింది. గళ్ళనోటు గారు కూడా అదే చేయండి.

సున్నాకిటుఅటు
త్రాసు మొదటి వారం బాగుంటుంది. −2య + 9 = 1 వచ్చినరోజు పళ్ళెంలో "మైనస్ రెండు య" ఎలా పెడతారు? మా పిల్ల అదే అడిగింది. బరువు లేని బరువు ఏమిటో నేను చెప్పలేకపోయాను. త్రాసుని అక్కడే వదిలేసి అంకెల మీదకి రావడమే మంచిది.

గళ్ళనోటు
అయ్యో, సరిగ్గా ఆ లెక్కే పుస్తకంలో తర్వాత ఉంది. −2య + 9 = 1. తను −2య = −8 దాకా బాగానే వచ్చి, "−2 అవతలికి వెళ్తే గుర్తు మారి +2 అవుతుంది, కిందకి కూడా దిగుతుంది" అని −8/2 = −4 రాసింది. రెండు రూల్సూ కలిపి వాడేసింది.

మూడోబెంచీ
పాపం, రూల్ చెప్పిన వాళ్ళ కంటే శ్రద్ధగా పాటించింది.

సున్నాకిటుఅటు
−2య అంటే −2 × య. గుణకం −2, మైనస్‌తో సహా. రెండు వైపులా −2 తోనే భాగించాలి:

−2య ÷ (−2) = −8 ÷ (−2)
య = 4

సరిచూడండి: −2 × 4 + 9 = −8 + 9 = 1. సరిపోయింది. తన −4 పెట్టి చూస్తే −2 × (−4) + 9 = 8 + 9 = 17. 1 రావాల్సిన చోట 17.

అసలు మైనస్ అంటేనే భయం ఉన్న పిల్లలకి ఇంకో దారి ఉంది. మొదటి వరుసలోనే రెండు వైపులా 2య కలిపేయండి:

9 = 1 + 2య
8 = 2య
4 = య

ఎక్కడా ఋణ సంఖ్య తగల్లేదు. య కుడివైపు ఉంటే కొంపలేమీ మునగవు. "య ఎడమవైపే ఉండాలి" అని పట్టుబట్టే టీచర్లని చూశాను. 4 = య అన్నా య = 4 అన్నా ఒకటే.

శేషం_ఒకటి
ఇది చూస్తే నా అల్‌-ఖ్వారిజ్మీ గుర్తొచ్చాడు. ఆయన ఋణ సంఖ్యలు వాడలేదు, అందుకే తీసివేతలో ఉన్నది కనబడగానే అవతల కలిపేసేవాడు. ఋణ సంఖ్యలతో కూడికలు, గుణకారాలు ఎలా చేయాలో అంతకు ముందే, 628లో, బ్రహ్మగుప్తుడు ధనం, ఋణం అంటూ సూత్రాలు ఇచ్చాడు. రెండు ఋణాల లబ్ధం ధనం అని అందులోనే ఉంది. ఇంకోటి, గళ్ళనోటు గారు కీబోర్డు బద్ధకంతో 'య' అని రాశారు గానీ, మన పాత గణితంలో మొదటి అవ్యక్తరాశికి (విలువ తెలియని రాశికి) యావత్‌-తావత్ అని పేరు పెట్టి, కుదించి 'యా' అనే రాసేవాళ్ళు.

మూడోబెంచీ
బద్ధకంలో కూడా సంప్రదాయం!

టైమర్‌_ఆన్
సరిచూడటం గురించి సున్నాకిటుఅటు గారు చెప్పింది మాత్రం పోటీ పరీక్షల వాళ్ళకీ పనికొస్తుంది. ఆప్షన్లు నాలుగు ఇస్తారు కదా, ఒక్కోటి పెట్టి చూస్తే స్టెప్పులే అక్కర్లేదు.

పాతపలక
ఆప్షన్ లేని లెక్క వచ్చినరోజు?

టైమర్‌_ఆన్
నా పరీక్షలో ఉండవు సార్.

రాత్రి_రెండు
నాది పిల్లల గొడవ కాదు, నేనే మళ్ళీ చదువుకుంటున్నాను. పదేళ్ళ పైనే అయింది పుస్తకం మూసి. నాకు భిన్నాలు వస్తేనే టెన్షన్.

(య − 1)/2 − (య − 3)/4 = 2

నాకు 13 వస్తోంది, వెనక జవాబుల్లో 7 ఉంది. ఎక్కడ పోతోందో ఎవరైనా చూస్తారా?

పాతపలక
మీ స్టెప్పులు పెట్టండి. జవాబు చూసి తప్పు కనిపెట్టలేం.

రాత్రి_రెండు
హారాల క.సా.గు. 4. అన్నిటినీ 4 తో గుణించాను.
2(య − 1) − (య − 3) = 8
2య − 2 − య − 3 = 8
య − 5 = 8
య = 13

పాతపలక
మొదటి వరుస నిక్షేపంలా ఉంది. కుడివైపు 2 ని కూడా 4 తో గుణించారు, చాలామంది దాన్ని మర్చిపోతారు. రెండో వరుసలో బ్రాకెట్ ముందున్న మైనస్ య మీద మాత్రమే పడింది, −3 మీద పడలేదు. తీసేస్తున్నది (య − 3) మొత్తాన్ని. −(య − 3) = −య + 3.

2య − 2 − య + 3 = 8
య + 1 = 8
య = 7

సరిచూస్తే (7 − 1)/2 − (7 − 3)/4 = 3 − 1 = 2.

భిన్నాల్లో ఈ తప్పు ఎక్కువ రావడానికి కారణం ఉంది. భిన్నం గీత బ్రాకెట్ పని కూడా చేస్తుంది. (య − 3)/4 ని కాగితం మీద గీత పెట్టి రాసినప్పుడు పైన బ్రాకెట్ వేయం, గీతే రెండిటినీ కలిపి పట్టుకుంటుంది. హారం కొట్టేసి గీత తీసేసిన క్షణంలో బ్రాకెట్ వేయకపోతే మైనస్ మొదటి పదం దగ్గరే ఆగిపోతుంది. మీరు బ్రాకెట్ వేసి కూడా తర్వాతి వరుసలో జారారు, కాబట్టి బ్రాకెట్ విప్పే వరుసని ఇంకే పనీ కలపకుండా విడిగా రాయండి.

రాత్రి_రెండు
దొరికింది. నా నోట్సులో ఇలాంటివన్నీ మైనస్ బ్రాకెట్ దగ్గరే తప్పాయి, భిన్నాల తప్పే లేదు. అనవసరంగా భిన్నాలని తిట్టుకున్నాను.

బల్లకింద_చీటీ
నేను ఒక చిచ్చు పెడతాను. రెండు వైపులా ఒకే పని చేయొచ్చు అన్నారు కదా.

3(య − 4) = 5(య − 4)
రెండు వైపులా (య − 4) తో భాగిస్తే
3 = 5

పాతపలక గారు ఏమంటారు?

మూడోబెంచీ
హమ్మయ్య, నా మార్కుల లిస్టు తప్పు కాదన్నమాట.

నాన్నగారి_గడియారం
బ్రాకెట్ విప్పి చేస్తే 3య − 12 = 5య − 20, 8 = 2య, య = 4. మరి భాగిస్తే ఎందుకు చెడింది?

సున్నాకిటుఅటు
య = 4 అయితే (య − 4) అంటే సున్నా. సున్నాతో భాగించారు. అంకెల్లో రాస్తే 3 × 0 = 5 × 0, ఇది నిజమే. దాన్నుంచి 3 = 5 రాదు.

పాతపలక
బల్లకింద_చీటీ గారు పెట్టింది చిచ్చు కాదు, నేను మొదట్లోనే చేర్చాల్సిన షరతు. భాగించే రాశి సున్నా కాకూడదు. 3 తో భాగించేటప్పుడు ఆలోచించక్కర్లేదు, 3 ఎప్పటికీ 3. య ఉన్న రాశితో భాగించబోతే మాత్రం ఆగాలి. య × య = 6య అని ఇస్తే రెండు వైపులా య కొట్టేసి య = 6 అని రాసేస్తారు. సున్నా కూడా జవాబే, అది గల్లంతవుతుంది. య × య − 6య = 0 చేసి, య(య − 6) = 0 అని రాస్తే రెండూ దొరుకుతాయి.

శేషం_ఒకటి
అందుకే పక్షాంతరం మేలు అన్నాను. ఒకవైపుకి తెచ్చేస్తే ఏదీ పోదు.

పాతపలక
ఆ ఒక్క చోట మీదే గెలుపు.

గళ్ళనోటు
పైవన్నీ చూపించాను. "యని ఏమేం చేశారు" అన్న ప్రశ్న బాగా పనిచేసింది, ఇప్పుడు తనే పైకి చెప్పుకుంటూ చేస్తోంది. కానీ నోట్సులో ఇలా రాస్తోంది:

22 − 7 = 15 ÷ 3 = 5

జవాబు కరెక్టే. మార్కులు కోశారు. కోయాలా?

టైమర్‌_ఆన్
జవాబు వచ్చాక కోయడం అన్యాయం.

సున్నాకిటుఅటు
నేనైతే కోస్తాను. చదవండి: 22 − 7 = 15 ÷ 3. అంటే 15 = 5 అని రాసినట్టు. సమానం గుర్తుని కాలిక్యులేటర్ మీటలా వాడుతోంది, "ఇప్పుడు జవాబు చెప్పు" అన్నట్టు. దానికి అటూ ఇటూ ఉన్నవి ఒకే విలువ అని పట్టుబడకపోతే సమీకరణాలు ముందుకు సాగవు. 1557లో రాబర్ట్ రికార్డ్ ఈ గుర్తుని తెచ్చినప్పుడు రెండు సమాంతర గీతలే ఎందుకు ఎంచుకున్నాడంటే, వాటికంటే సమానమైనవి ఇంకేవీ ఉండవని.

మందు సులువే. వరుసకి ఒక్క సమానం గుర్తు, అవన్నీ ఒకదాని కింద ఒకటి నిలువుగా.

నాన్నగారి_గడియారం
పద సమస్యలు ఎవరూ ఎత్తలేదు. మా వాడు సమీకరణం ఇస్తే చేస్తాడు, వాక్యం ఇస్తే పెన్ను కింద పెట్టేస్తాడు. "రెండంకెల సంఖ్యలో అంకెల మొత్తం 9. అంకెలు తారుమారు చేస్తే 27 పెరుగుతుంది. ఆ సంఖ్య ఎంత?" దీన్ని ఎలా మొదలుపెట్టించాలి?

పాతపలక
ముందు ఏది తెలియదో పేరు పెట్టించండి. పదుల స్థానంలోది ప, ఒకట్ల స్థానంలోది ఒ. ఇక్కడే చాలామంది సంఖ్యని 'ప + ఒ' అనో, రెండూ పక్కపక్కనో రాస్తారు. 36 అంటే 3 + 6 కాదు, 10 × 3 + 6. కాబట్టి సంఖ్య 10ప + ఒ, తారుమారు చేస్తే 10ఒ + ప.

(10ఒ + ప) − (10ప + ఒ) = 27
9ఒ − 9ప = 27
ఒ − ప = 3

మొదటి వాక్యం నుంచి ఒ + ప = 9. రెండూ కలిపితే 2ఒ = 12, ఒ = 6, ప = 3. సంఖ్య 36. తారుమారు 63, తేడా 27.

ఇందులో నాకు ఇష్టమైనది మధ్య వరుస. తేడా ఎప్పుడూ 9 గుణిజమే. "20 పెరుగుతుంది" అని ఎవరైనా ఇస్తే ఆ లెక్కకి జవాబే ఉండదు.

బల్లకింద_చీటీ
సమీకరణం లేకుండా: మొత్తం 9 వచ్చేవి 18, 27, 36, 45... మూడోదే జవాబు. అయిపోయింది.

పాతపలక
చిన్న సంఖ్యలకి భేషుగ్గా ఉంది. తప్పని ఎవరన్నారు?

శేషం_ఒకటి
ఊహించి సాధించడం కూడా పాత పద్ధతే. క్రీ.పూ. 1550 ప్రాంతపు ఈజిప్టు పపైరస్‌లో ఒక లెక్క ఉంది: ఒక రాశికి దానిలో ఏడో వంతు కలిపితే 19. వాళ్ళు 7 అనుకున్నారు. 7 + 1 = 8. కావాల్సింది 19. కాబట్టి 7 ని 19/8 తో గుణించారు, 16 5/8. మన పాత గణితంలోనూ ఇది ఇష్టకర్మ పేరుతో ఉంది.

రాత్రి_రెండు
బాగుందే. 3య + 7 = 22 కి ప్రయత్నించాను. 1 అనుకుంటే 10 వచ్చింది. 22/10 = 2.2. కానీ జవాబు 5 కదా?

శేషం_ఒకటి
ఆ +7 ఉంది కదా, అది యతోపాటు పెరగదు. యని రెట్టింపు చేస్తే మొత్తం కూడా రెట్టింపయ్యే లెక్కలకే ఒక్క ఊహ చాలు. ఇక్కడ రెండు ఊహలు కావాలి. 1 పెడితే 10, 2 పెడితే 13. య ఒకటి పెరిగితే 3 పెరుగుతోంది. 10 నుంచి 22 కి ఇంకా 12 కావాలి, అంటే నాలుగు మెట్లు. 1 + 4 = 5.

గళ్ళనోటు
ఇది తనకి చూపిస్తే ఇక సమీకరణాలే రాయదు. దాచేస్తున్నాను.

టైమర్‌_ఆన్
ఇంత దూరం వచ్చాక నాదీ ఒకటి. "2, 3, 4, 5, 6 లతో భాగిస్తే శేషం 1, 7 తో భాగిస్తే శేషం 0 వచ్చే సంఖ్య." ప్రాక్టీస్ పేపర్లో తగిలింది. ఈసారి ఆప్షన్లు లేవు.

మూడోబెంచీ
పాతపలక గారి శాపం తగిలింది.

పాతపలక
నేను మాట్లాడను. వేరేవాళ్ళు చేయండి.

రాత్రి_రెండు
నేను ప్రయత్నిస్తాను. 2, 3, 4, 5, 6 ల క.సా.గు. 60. శేషం 1 కాబట్టి సంఖ్య 60క + 1. ఇది 7 తో పోవాలి. 60 అంటే 56 + 4, 56 ఎలాగూ 7 తో పోతుంది. కాబట్టి 4క + 1 పోతే చాలు.

క = 1 అయితే 5
క = 2 అయితే 9
క = 3 అయితే 13
క = 4 అయితే 17
క = 5 అయితే 21, పోతుంది

60 × 5 + 1 = 301. సరిచూశాను, 7 × 43 = 301.

సున్నాకిటుఅటు
చక్కగా చేశారు. క కి 7 కలిపినప్పుడల్లా ఇంకోటి దొరుకుతుంది. క = 12 అయితే 721, అదీ 7 × 103. టైమర్‌ గారూ, పేపర్లో 'కనిష్ఠ సంఖ్య' అని ఉందేమో చూసుకోండి, మీరు ఇక్కడ ఆ మాట రాయలేదు.

టైమర్‌_ఆన్
ఉంది. వేగంగా టైప్ చేస్తూ మింగేశాను.